మాస్టారికి ఒక గడి, పిల్లలకి రెండు

కోటబొమ్మాళికి ఆటోలో పావుగంట దూరంలో ఉన్న ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్పే బెన్హర్ మాస్టారికి కొన్ని రంగులు తెలియవు. చూపులో లోపం లేదు. యాభై దాటినా కళ్ళజోడు పెట్టుకోరు. చివరి బెంచీ దగ్గర నిలబడి బోర్డు మీద పిల్లాడు మరిచిపోయిన దశాంశ బిందువును పట్టుకుంటారు. కానీ బుట్టలో పండుమిరపకాయలూ పచ్చిమిరపకాయలూ కలిసిపోతే మాత్రం చేత్తో నొక్కి చూసి వేరు చేయాలి. ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ ఈ మూడూ ఆయన కంటికి ఒక తల్లి పిల్లల్లా ఉంటాయి. రంగు బాగా గట్టిదైతే, వెలుతురు సరిపడా ఉంటే పోల్చుకోగలరు. కొంచెం మసకబారితే అన్నీ మట్టిరంగే. నీలం, పసుపు మాత్రం అందరికీ కనబడ్డట్టే కనబడతాయి.

ఈ సంగతి భార్య లీలారాణికీ తండ్రి ఏసురాజుకీ తప్ప మరెవరికీ తెలియకుండా ఆయన ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చారు. పేపర్లు దిద్దే ఎర్రపెన్నుకి రబ్బరుబ్యాండు చుట్టి పెట్టుకుంటారు. తెల్లచొక్కా, నీలంప్యాంటు తప్ప వేరే వెయ్యరు. సిగ్నల్ దగ్గర బండి ఆపితే వెలిగింది పైదీపమా కిందిదీపమా అని చూసుకుంటారు. ఒక్కసారి మాత్రం బోల్తా పడ్డారు. హెడ్మాస్టరు నారాయణమూర్తి గారు సెలవు పెడితే ఇన్‌చార్జిగా కాగితాల మీద ఆకుపచ్చ సిరాతో సంతకాలు చేయాల్సి వచ్చింది. బెన్హర్ మాస్టారు టేబుల్ మీదున్న పెన్ను తీసి సంతకాలన్నీ ఎర్రసిరాతో పెట్టేశారు. కాగితాలు ఆఫీసు నుంచి తిరిగొచ్చాయి. "తొందరలో పొరపాటైంది సార్" అని ఊరుకున్నారు.

దాచడం ఆయన సొంత ఆలోచన కాదు. ఏసురాజు రైల్వేలో కీమ్యాన్‌గా పనిచేశాడు. భుజాన సుత్తి, చంకలో చుట్టిన ఎర్రజెండా పచ్చజెండా పెట్టుకుని, పట్టాల వెంట నడుస్తూ వదులైన బిగింపులు కొట్టుకుంటూ పోవడం ఆయన ఉద్యోగం. తను నడిచిన పట్టాల మీద కొడుకు ఇంజను నడపాలని కోరిక. బెన్హర్ డిగ్రీలో ఉండగా ఇంజను డ్రైవరు అసిస్టెంటు ఉద్యోగానికి రాతపరీక్ష రాసి నెగ్గాడు. మెడికల్‌కి విశాఖపట్నం రమ్మన్నారు. తండ్రీకొడుకులిద్దరూ వెళ్ళారు.

అక్కడ డాక్టరు ఒక పుస్తకం తెరిచి పేజీ నిండా ఉన్న రంగుచుక్కలు చూపించి, "ఇందులో అంకె ఎంత?" అన్నాడు. బెన్హర్‌కి చుక్కలే కనబడ్డాయి. డాక్టరు పేజీ తిప్పాడు. అక్కడా చుక్కలే. మొదట ఇదేదో తమాషా పరీక్ష అనుకున్నాడు బెన్హర్. డాక్టరు పుస్తకం మూసి, "నీకు ఇంతకుముందు ఎవరూ చెప్పలేదా?" అని మెల్లగా అడిగేసరికి తమాషా కాదని తెలిసింది. బెంచీ మీద టిఫిన్ క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తండ్రికి ఆ మాట చెప్పడానికి బయటికొచ్చి చాలాసేపు నిలబడ్డాడు.

తిరుగు రైలు తిలారు స్టేషను దాటింది. ఏసురాజు కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు: "ఎవులికీ సెప్పకు. జెండా రంగు తెలీని కొడుకుని కన్నాడని మా గేంగు పనోలంతా నవ్వుతారు. తూకం తక్కువైనాదని సెప్పీద్దాం."

బెన్హర్ సరేనన్నాడు. ఊళ్ళోనూ, చర్చిలోనూ తూకం మాటే చెప్పారు. చర్చిలో ఆడవాళ్ళు కొన్నాళ్ళు ఆ కుర్రాడికి గుడ్లు పంపించారు కూడా. తరవాత అతను బీయెడ్ చేసి లెక్కల మాస్టారయ్యాడు. అంకెకి రంగుండదన్న ధైర్యం ఆ దారి పట్టడానికి సగం కారణం. మేనమామ కూతురు లీలారాణిని చేసుకున్నాడు. పెళ్ళైన కొత్తలో ఆమె దండెం మీద పచ్చచీర తెమ్మంటే గోధుమరంగుది తెచ్చి ఇచ్చాడు. లీలారాణి చీరనీ అతని మొహాన్నీ చూసి, "మా నాన్నా ఇంతే బావా" అని, వెళ్ళి తనే తెచ్చుకుంది. ఆ ఇంట్లో దాని గురించి మాట్లాడుకున్నది అంతే.

ఇప్పుడు అసలు సంగతి.

ఎనిమిదో తరగతి పిల్లలకి జ్యామితిలో ఆకారాల్ని కదిలించడం గురించి ఒక పాఠం ఉంది. ఒక బొమ్మను ఉన్నదున్నట్టు పక్కకి జరపడం, ఒక బిందువు చుట్టూ తిప్పడం, అద్దంలోలా బోర్లించడం. పుస్తకంలో వీటికి స్థానాంతరణం, భ్రమణం, పరావర్తనం అని పేర్లు. పిల్లలు పేర్లు గడగడా అప్పజెప్పేవారు. తీరా బొమ్మ చూపించి ఇది తిప్పిందా బోర్లించిందా అంటే మొహమొహాలు చూసుకునేవారు. మాస్టారు అట్టముక్కలు కత్తిరించి చూపించారు, అద్దం తెచ్చి చూపించారు. పరీక్షలో మళ్ళీ అదే తప్పు.

ఆ ఏడు శ్రీకాకుళంలో జరిగిన ట్రైనింగులో ఎవరో కంప్యూటర్ మీద టెసలేషన్ గీసి చూపించారు. గచ్చు మీద టైల్స్ పరిచినట్టు, ఒకే ఆకారాన్ని మధ్యలో ఖాళీ లేకుండా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా తెర నిండా పరచడమే టెసలేషన్. చదరపు గడితో అయితే ఎవరైనా పరుస్తారు. ఆ గడికి ఎడమ అంచులో ఒక ముక్క కోసి, దాన్ని తిన్నగా జరిపి కుడి అంచుకి అతికిస్తే గడి వంకర తిరుగుతుంది గానీ పక్కదానితో అప్పటికీ ఇముడుతుంది. అలా నాలుగు అంచులూ మార్చుకుంటూ పోతే గడి కాస్తా పిట్టో చేపో అవుతుంది.

బెన్హర్ మాస్టారికి అది పట్టుకుంది. స్కూల్లో పాత ఫ్లెక్సీ బ్యానర్లు కప్పి ఉంచిన కంప్యూటర్లున్నాయి. వాటిల్లో పనిచేసేవి ఏవో చూసుకుని, ఉచితంగా దొరికే డ్రాయింగు సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఎనిమిదో తరగతిని రెండు జట్లుగా చేసి కూర్చోబెట్టారు. ఇన్నేళ్ళలో తను నోటితో చెప్పలేకపోయింది ఆ పెట్టెలు చెప్పేశాయి. ఎడమ అంచును జరపాల్సిన వాడు పొరపాటున బోర్లిస్తే కుడివైపు గడి కూర్చునేది కాదు, తెర మీద బెజ్జాలు పడేవి. "ఓర్నాయనో, నాది సిరిగిపోనాది" అని వాడే అరిచి, వాడే వెనక్కి వెళ్ళి, ఎక్కడ బోర్లించాడో వెతుక్కునేవాడు. కొండబాబు అనే కుర్రాడు పీత చేశాడు. ఒకమ్మాయి చేసిన బాతు అందరికీ కుందేలులా కనబడింది. మాస్టారు బెల్లు కొట్టాక కూడా అక్కడే తిరిగేవారు.

రంగుల దగ్గర మాత్రం, "రంగులు మీ ఇష్టం, నన్నడక్కండి. నాకు ఆకారం కుదిరితే చాలు" అని ముందే చెప్పేశారు. పిల్లలు పట్టించుకోలేదు.

తులసి అనే పిల్ల పెంకుతో ఉన్న జీడిపిక్క చేసింది. వాళ్ళమ్మ చిన్నతల్లి పిక్కలు కొట్టి పప్పు తీసే పనికి వెళుతుంది. ఆ పిల్లకి ఆ వంపు కంటికి అలవాటే. ఒక్కో పిక్క వంపులో పక్క పిక్క వీపు ఒదిగేలా చాలా చక్కగా కుదిర్చింది. వరసలో ఒకటి పచ్చిపిక్క, దాని పక్కది ఎండుపిక్క, మళ్ళీ పచ్చిది, మళ్ళీ ఎండుది, ఇలా రంగులు వేసింది. పచ్చిపిక్కది బూడిద కలిసిన ఆకుపచ్చ. ఎండుపిక్కది గోధుమ. మాస్టారికి తెర నిండా ఒకే మట్టిరంగు పిక్కలు కనబడ్డాయి. ఆడపిల్ల ఒకే రంగుతో సరిపెట్టుకుంది, మంచిదే అనుకున్నారు.

ఆ వారం అందరికీ ఒకే ప్రశ్న ఇచ్చారు: మీ బొమ్మను కనీసం ఎన్ని గడులు కుడికి జరిపితే మళ్ళీ దాని మీద అది సరిగ్గా కూర్చుంటుంది? తులసి 'రెండు' అని రాసింది. మాస్టారు కొట్టేసి 'ఒకటి' అని వేశారు.

తులసి లేచి నిలబడింది. "సార్, రెండు."

"ఒకటమ్మా. ఒక పిక్క జరిపితే పక్క పిక్క మీద కూర్చోదూ?"

"కూర్చుంటాది గానీ అది వేరే పిక్క సార్."

"ఆకారం అదే కదా?"

"ఆకారం అదే సార్. అయినా రెండే."

మొండిపిల్ల అనుకున్నారు మాస్టారు. ఇలాంటప్పుడు ఆయనకి ఒక ఆట ఉంది. తులసి బొమ్మను ప్రొజెక్టరుతో, అంచులు కనబడనంత పెద్దగా గోడ మీద వేయించి, క్లాసునంతా కళ్ళు మూసుకోమన్నారు. "నేను బొమ్మను జరుపుతాను, లేదా జరపకుండా వదిలేస్తాను. కళ్ళు తెరిచాక జరిగిందో లేదో మీరు చెప్పలేకపోతే, ఆ బొమ్మ దాని మీద అది కూర్చున్నట్టే. సరేనా?" అని, సరిగ్గా ఒక గడి కుడికి జరిపారు. తెర మీద ఏమీ మారలేదని చూసుకుని తృప్తిపడ్డారు.

"తెరవండి. జరిపానా, లేదా?"

"జరిపీసారు సార్!" అని క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది.

మాస్టారు నవ్వారు. "దొంగచూపు చూశారా? మళ్ళీ మూయండి."

మళ్ళీ జరిపారు. మళ్ళీ అదే కేక. మూడోసారి అసలు జరపకుండా మౌస్ మీద చెయ్యి మాత్రం వేసి తెరవమన్నారు. "జరపనేదు సార్" అన్నారు పిల్లలు, అంతే ఖాయంగా. మాస్టారు మౌస్ మీంచి చెయ్యి తీసేశారు. ఏం జరిగిందో అప్పటికి ఆయనకి అర్థమైంది. అక్కడితో ఆపి పాఠం మార్చేస్తే సరిపోయేది. తులసి ఆపనివ్వలేదు.

"సార్, ఈసారి మీరు మూసుకోండి. నాను జరుపుతాను."

క్లాసంతా చూస్తోంది. ఆయన బొమ్మకి వీపు తిప్పి నిలబడ్డారు. మౌస్ నొక్కిన చప్పుడు వినబడింది.

"తిరగండి సార్. జరిపినానా, నేదా?"

మాస్టారు బొమ్మను చూశారు. పిక్కలు, పిక్కలు, పిక్కలు. ఏదో ఒకటి అనాలి.

"జరపలేదు" అన్నారు.

క్లాసు గొల్లుమంది. "పచ్చిది ఎండుదయిపోనాది సార్! ఎండుది పచ్చిదయిపోనాది!" కొండబాబు నవ్వాపుకోలేక బెంచీ మీద చరిచాడు. "ఒరే, సార్‌కి రంగు తెల్దురోయ్!"

తులసి ఒక్కతే నవ్వలేదు. మాస్టారి వంకా తెర వంకా మార్చి మార్చి చూసింది. ఇంతలో బెల్లు కొట్టారు.

ఆ సాయంత్రం లీలారాణి పీహెచ్‌సీ నుంచి వచ్చేసరికి మాస్టారు వీధి అరుగు మీద చెప్పులు విప్పకుండానే కూర్చుని ఉన్నారు. ఆమె అక్కడ నర్సు. మొహం చూసి జ్వరమేమో అని నుదురు ముట్టుకుంది. ఆయన జరిగింది చెప్పారు.

"అయితే ఏటి బావా?" అంది లీలారాణి. "పాఠం తప్పు సెప్పినావా?"

"తప్పు చెప్పలేదు. నా కంటికి ఒకటే సరిపోయింది."

"మరి ఏటి బాధ?"

మాస్టారు వంగి చెప్పులు విప్పుకున్నారు. పక్కనే మంచం మీద ఏసురాజు పడుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నారు గానీ వింటున్నాడు.

"పిల్లలకి తెలిసిపోనాదేటి?"

"తెలిసిపోయింది నాన్నా."

"నవ్వినారా?"

"నవ్వారు."

ముసలాయన మోచేతి మీద లేచాడు. "నానప్పుడు బయిపడ్డది ఆ నవ్వుకే" అన్నాడు. మళ్ళీ, "నవ్వినాక ఏటయినాది?"

"ఏమవుతుంది? బెల్లు కొట్టారు. ఇంటికెళ్ళిపోయారు."

"అంతేనా!" అన్నాడు ఏసురాజు. ఆ మాటలో ఆశ్చర్యమే ఎక్కువుంది. తరవాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. లీలారాణి టీ పెట్టడానికి లోపలికెళ్ళింది.

మర్నాడు మాస్టారు క్లాసులోకి వెళ్ళగానే విషయం చెప్పేశారు. ముందుగా మాటలు కూర్చుకున్నారు గానీ అవేవీ నోటికి రాలేదు. "నిన్న మీరు పట్టుకున్నది నిజమే. నాకు కొన్ని రంగులకి తేడా తెలియదు. పుట్టుక నుంచీ అంతే. చాలామంది మగవాళ్ళకి ఉంటుంది, ఆడవాళ్ళకి తక్కువ. మందు లేదు, నొప్పీ లేదు."

ఎవరూ నవ్వలేదు. వాళ్ళకి అడగాల్సినవి చాలా ఉన్నాయి.

"రగతం ఎలగ కనబడతాది సార్?"

"తడిగా, ముదురుగా కనబడుతుంది. దెబ్బ తగిలిందని తెలుస్తుంది."

"మామిడిపండు పండినాదని ఎలగ తెలుస్తాది?"

"వాసన చూస్తాను."

"కల్లోకి రంగులొస్తాయా సార్?"

"వస్తాయి. నాకున్నవి వస్తాయి."

పిల్లలు ఇంటర్వెల్‌లో రిబ్బన్లూ పెన్సిళ్ళూ ఆకులూ పట్టుకొచ్చి పరీక్ష పెట్టారు. మాస్టారు కొన్ని సరిగ్గా చెప్పారు, కొన్ని తప్పారు. తప్పినప్పుడు వాళ్ళకి భలే సంబరం. ఆయనకి కూడా రెండో రోజుకి అది మామూలైపోయింది.

తులసికి మాత్రం రిబ్బన్లతో పని లేదు. పేపరు పట్టుకుని వచ్చింది. "సార్, మరి నా మార్కు?"

"నీది రైటే. మార్కు వేస్తాను."

"అయితే మీది తప్పా?"

మాస్టారు ఆలోచించారు. "తప్పు కాదు. రంగు వదిలేసి ఆకారమే చూస్తే ఒకటి. రంగు కూడా కలవాలంటే రెండు. రెండు జవాబులూ నిలబడతాయి."

"పరీక్షలో వస్తే ఏది రాయాలి సార్?"

ఇన్నేళ్ళుగా తను ఇచ్చిన ప్రశ్నల్లో ఎన్ని ఇలా అరకొరగా ఉన్నాయో అని మాస్టారికి అనిపించింది. "రంగు లెక్కలోకి వస్తుందో రాదో ప్రశ్నలోనే చెప్పాలి. చెప్పకపోతే ప్రశ్న ఇచ్చినవాడిది తప్పు. ఈసారి తప్పు నాది" అన్నారు. తులసి తృప్తిపడి పేపరు మడిచి పెట్టుకుంది.

అక్కణ్ణుంచి పాఠం ముందుకంటే రెండింతలైంది. ప్రతి బొమ్మకీ రెండు ప్రశ్నలు: రంగు చూడకుండా ఎంత, రంగు చూస్తే ఎంత? రంగు చూడని జట్టులో మాస్టారు ఒక మెంబరు. కొండబాబు తన పీతల్ని చదరంగం బల్లలా వేసి, పక్కకి జరిపితే రెండు గడులు కావాలి గానీ, ఒకటి పక్కకీ ఒకటి కిందకీ జరిపితే రంగులతో సహా కూర్చుంటాయని వాడంతట వాడే కనిపెట్టాడు. మాస్టారు తన కంటితో దాన్ని సరిచూడలేరు. బోర్డు మీద గడులకి అంకెలు వేసి సరిచూసి, భుజం తట్టారు.

సంగతి స్టాఫ్‌రూముకీ చేరింది. హెడ్మాస్టరు నారాయణమూర్తి గారు పిలిచి, "ఏటి మాస్టారూ, పిల్లలు చెప్పుకుంటున్నది నిజమేనా?" అన్నారు. నిజమేనన్నారు బెన్హర్. నారాయణమూర్తి గారు కుర్చీలో వెనక్కి వాలి కాసేపు ఫ్యాను చూశారు. "అయితే ఆ ఎర్రసంతకాలు?"

"అందుకే సార్."

"నేను మీకు పొగరనుకున్నానండీ. ఇన్‌చార్జి ఇచ్చినందుకు కావాలనే అలా పెట్టారనుకున్నాను. అందుకే మళ్ళీ ఎప్పుడూ ఇవ్వలేదు." ఆయన మొహం చిన్నబోయింది. "ఒక్క మాట చెప్తే పోయేది కదా." అవునన్నారు బెన్హర్ మాస్టారు. ఆ మాట మనసులో ముల్లులా కొన్నాళ్ళు ఉండిపోయింది. తన గురించి ఇంకెంతమంది ఇంకేమేం అనుకున్నారో ఇప్పుడు తెలిసే దారి లేదు.

ఒకరోజు కొండబాబు ఏదో నొక్కబోయి ఏదో నొక్కితే రంగులపెట్టె పక్కన మూడు అంకెలు తేలాయి. "సార్, ఈ అంకెలేటి?" మాస్టారు వంగి చూశారు. కంప్యూటరుకి రంగంటే మూడు అంకెలే. మొదటిది ఎరుపెంత, రెండోది పచ్చెంత, మూడోది నీలమెంత. సున్నా నుంచి రెండువందల యాభై అయిదు దాకా ఉంటాయి. ట్రైనింగులో చెప్పే ఉంటారు, రంగుల మాట వచ్చినప్పుడు తనే చెవిన పెట్టలేదు.

తులసి బొమ్మ తెరిపించి ఒక పిక్క మీద నొక్కారు. రెండో అంకె పెద్దది. పక్క పిక్క మీద నొక్కారు. మొదటి అంకె పెద్దది. రెండు పిక్కలూ ఆయన కంటికి ఇప్పటికీ ఒకటే, అంకెలు మాత్రం వేరు. ఒక్కో పిక్క మీదా నొక్కుకుంటూ, "పచ్చి... ఎండు... పచ్చి... ఎండు..." అని పైకి చదివారు. వెనక నిలబడ్డ పిల్లలు, "అవును సార్, అవును సార్" అంటూ వచ్చారు. ముందు ఆయనకి కాస్త కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. అంకెకి రంగుండదనే కదా లెక్కల్లోకి వచ్చింది! వరస చివరికి వచ్చేసరికి ఆ కోపం పోయింది. ఇంకో బొమ్మ తెరవమన్నారు.

ఆ శనివారం స్కూలు వదిలాక కూర్చుని తన జీవితంలో మొదటిసారి రంగులు వేశారు. బాతు గీశారు. కళ్ళతో కాకుండా లెక్కతో రంగులు ఎంచారు: అరవై, నూట ఇరవై, నూట ఎనభై. రెండో బాతుకి అవే అంకెల్ని ఒక చోటు తిప్పి, మూడో బాతుకి ఇంకో చోటు తిప్పి వేసి, నాలుగో బాతు నుంచి మళ్ళీ అదే వరస పరిచారు. ఎంత ముచ్చటైన వరసో అనిపించింది.

సోమవారం గోడ మీద వేసి చూపించారు.

"ఎలా ఉంది?"

కొండబాబు బుర్ర గోక్కున్నాడు. తులసి మొహమాటపడే రకం కాదు. "నీలం బాతు బాగున్నాది సార్. పచ్చది పరవానేదు. ఆ గులాబీ బాతేటి సార్? ఓలమ్మా, బాతు గులాబీరంగులో ఉంటాదేటి?"

"గులాబీయా?" అన్నారు మాస్టారు. ఆయనకి అది బూడిద కలిసిన నీలంలా ఉంది. దగ్గరికెళ్ళి మళ్ళీ చూశారు.

"పెళ్ళి పందిట్లో కట్టిన బెలూనులాగున్నాది. తీసీయండి సార్."

"తీస్తే అంకెల వరస చెడుతుందమ్మా."

"బొమ్మ బాగుపడతాది."

పిల్లలంతా తులసి పక్షమే. మాస్టారు కాసేపు వాదించి చూశారు గానీ ఒక్కడూ ఇటు రాలేదు. చివరికి బాతుని అలాగే ఉంచి, సుద్దముక్క తీసుకుని బోర్డు మీద ఆ రోజు ప్రశ్న రాశారు: 'రంగులతో సహా చూస్తే, ఈ బొమ్మను కనీసం ఎన్ని గడులు జరపాలి?' పిల్లలు ఆ గులాబీ బాతుని తిట్టుకుంటూనే లెక్క పెట్టడం మొదలెట్టారు.